రికార్డు విని పెంచుకున్న అభిమానం: తెరకెక్కిన ‘మెర్రిలీ వి రోల్ అలాంగ్’ రివైవల్

ఒక పాత మ్యూజికల్‌ను అంటే పాటలతో నడిచే నాటకాన్ని, మళ్లీ వేదిక ఎక్కిస్తున్నారన్న కబురు వినగానే, దాన్ని తొలిసారి చూసినవారు తమ జ్ఞాపకాన్ని కొలబద్దగా పట్టుకుని కూర్చుంటారు. ‘మెర్రిలీ వి రోల్ అలాంగ్’ విషయంలో అలాంటివారు దాదాపు లేరనే చెప్పాలి. 1981 నవంబర్ 16న న్యూయార్క్ నాటకరంగ కేంద్రమైన బ్రాడ్‌వేలోని ఆల్విన్ థియేటర్‌లో మొదలై, కేవలం 16 ప్రదర్శనలకే మూతపడిన నాటకమిది. దాన్ని ప్రాణంగా ప్రేమిస్తామని చెప్పుకునేవారిలో నూటికి తొంభైతొమ్మిది మంది ఆ హాల్లో కూర్చున్నవారు కారు. ప్రదర్శనలు ఆగిపోయిన మర్నాడే నటీనటులందరినీ స్టూడియోకు పిలిపించి చేయించిన రికార్డింగును విన్నవారు. పాతికేళ్లయినా దాటని ఆ పిల్లలు తమ నాటకం చచ్చిపోయిందని తెలిసి మరీ పాడారు కాబట్టి ఆ గొంతుల్లో ఒక తెగింపు, ఒక తడి ఉన్నాయి. నలభై ఏళ్లపాటు అభిమానుల మనసులో ఆడిన నాటకం అసలు ఆ రికార్డే. అందువల్ల కొత్త ప్రదర్శన పోటీ పడవలసి వచ్చింది పాత ప్రదర్శనతో కాదు, వినేవారు తమకు తాముగా ఊహించుకున్న ప్రదర్శనతో. ఊహలో పాత్రలన్నీ సరిగ్గానే నటిస్తాయి, దృశ్యాలు ఎక్కడా సాగవు, కథానాయకుడి మీద విసుగు రాదు. అలాంటి ప్రత్యర్థితో పోటీ పడటం చిన్న విషయమేమీ కాదు.

మరియా ఫ్రీడ్‌మన్ దర్శకత్వంలో వచ్చిన ఆ రివైవల్, అంటే పాత నాటకపు పునఃప్రదర్శన, 2023 అక్టోబర్ 10న న్యూయార్క్‌లోని హడ్సన్ థియేటర్‌లో ప్రారంభమై, 2024 జూలై 7 వరకు నడిచింది. ఆ చివరి వారాల్లో, జూన్‌లో, దాన్ని అక్కడే చిత్రీకరించి 2025 డిసెంబర్‌లో సినిమా హాళ్లలో విడుదల చేశారు. చిత్రానికి కూడా ఫ్రీడ్‌మన్‌దే దర్శకత్వం. నేను సమీక్షిస్తున్నది ఈ చిత్రాన్ని. అయితే దాని గురించి మాట్లాడాలంటే వేదిక మీది ప్రదర్శన గురించి, దానికన్నా ముందు అభిమానుల కోరికల గురించి మాట్లాడక తప్పదు.

కథ తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఫ్రాంక్ సంగీతకర్త, చార్లీ ఆ సంగీతానికి మాటలు రాసే నాటకకర్త, మేరీ రచయిత్రి. ముగ్గురూ ప్రాణ స్నేహితులు. నాటకం 1976లో, స్నేహం పూర్తిగా చెడిపోయి ఫ్రాంక్ హాలీవుడ్‌లో డబ్బున్న నిర్మాతగా స్థిరపడిన రాత్రితో మొదలై, దృశ్యం దృశ్యానికీ వెనక్కి నడుస్తూ, 1957లో వారు తొలిసారి కలుసుకున్న మేడమీదికి చేరుకుంటుంది. ఈ వెనుకనడక జార్జ్ ఎస్. కాఫ్‌మన్, మాస్ హార్ట్ 1934లో రాసిన అదే పేరుగల నాటకం నుంచి వచ్చింది. దాన్ని మ్యూజికల్‌గా మలిచినప్పుడు సంభాషణలు జార్జ్ ఫర్త్, సంగీత సాహిత్యాలు స్టీఫెన్ సాండ్‌హైమ్, దర్శకత్వం హెరాల్డ్ ప్రిన్స్. అంతకుముందు దశాబ్దమంతా బ్రాడ్‌వేను ఏలిన సాండ్‌హైమ్, ప్రిన్స్ జంట ఈ పరాజయంతో విడిపోయి, మళ్లీ కలిసి పనిచేయడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. స్నేహితులు విడిపోయే కథను చెప్పబోయి ఆ కథ చెప్పినవారే విడిపోయారన్న సంగతి అభిమానుల్లో ఈ నాటకం చుట్టూ అల్లుకున్న మమకారానికి మరో కారణం.

అభిమానులు ఈ నాటకం నుంచి ఏం కోరుకుంటారో చూస్తే, వారి కోరికలు ఒకదానితో ఒకటి పొసగవని తెలుస్తుంది. రికార్డులో ఉన్న ఒక్క పాటనూ ముట్టుకోకూడదంటారు. అదే నోటితో నాటకంలో ఉన్న లోపాన్ని ఎవరైనా సరిచేయాలనీ అంటారు. లోపం ఎక్కడుందో అందరికీ తెలుసు. తొలి దృశ్యంలో మనకు పరిచయమయ్యే ఫ్రాంక్ పరమ స్వార్థపరుడు. కట్టుకున్నవారినీ కలిసి పనిచేసినవారినీ ఒక్కొక్కరిగా వదిలేసినవాడు. అటువంటి మనిషి గతంలోకి రెండున్నర గంటలపాటు ఎందుకు వెళ్లాలన్న ప్రశ్నకు 1981 ప్రదర్శన జవాబు చెప్పలేకపోయింది. పైగా ఆ ప్రదర్శనలో అందరూ పదహారు నుంచి పాతికేళ్లలోపు పిల్లలు. నలభైలలో ఉన్న వ్యసనపరుల్లా, విడాకులు తీసుకున్నవారిలా వారు నటించాలి. ఎవరెవరో ప్రేక్షకులు గుర్తుపట్టలేకపోతున్నారని, అధికారిక ప్రారంభానికి ముందు వేసే ప్రివ్యూల దశలో కుట్టించిన దుస్తులు పక్కన పడేసి, పాత్ర పేరో బంధుత్వమో ముద్రించిన స్వెట్‌షర్టులు తొడిగించారు. కథానాయకుడి పాత్రధారినే మార్చారు. ఇవేవీ రికార్డులో కనిపించవు. రికార్డు దాచినది వేదిక బయటపెడుతుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రదర్శనా తలకొట్టుకున్నది ఈ గోడకే.

సాండ్‌హైమ్, ఫర్త్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1985లో జేమ్స్ లపైన్ దర్శకత్వంలో కాలిఫోర్నియాలోని లా హోయాలో మొదలైన మరమ్మతు ఏళ్లపాటు సాగింది. రికార్డు అభిమానులకు కంటగింపుగా మిగిలిన మార్పులు అప్పుడే జరిగాయి. పాఠశాల పట్టాల ప్రదానోత్సవంలో పిల్లలంతా పాడే ‘ద హిల్స్ ఆఫ్ టుమారో’ పోయింది. పార్టీ పాట ‘రిచ్ అండ్ హ్యాపీ’ స్థానంలో ‘దట్ ఫ్రాంక్’ వచ్చింది. ఫ్రాంక్ మనసులోని తడబాటును చెప్పడానికి ‘గ్రోయింగ్ అప్’ చేరింది. విడాకుల దృశ్యంలో ఫ్రాంక్ పాడే ‘నాట్ ఎ డే గోస్ బై’ అతని భార్య బెత్‌కు దక్కింది. లండన్‌లో 2000లో డాన్మార్ వేర్‌హౌస్ వేసిన ప్రదర్శన లండన్ నాటకరంగపు ఆలివియర్ అవార్డుల్లో ఉత్తమ కొత్త మ్యూజికల్‌గా గెలవడంతో నాటకం మీద నమ్మకం కొంత నిలబడింది. ఫ్రీడ్‌మన్ 2012లో లండన్‌లోని మెనియర్ చాకొలెట్ ఫ్యాక్టరీ అనే చిన్న థియేటర్‌లో తన రూపాన్ని తొలిసారి నిలబెట్టారు. దాన్ని సాండ్‌హైమ్ చూసి మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1992లో లెస్టర్‌లో మేరీ పాత్ర పోషించింది కూడా ఆమే. పాత్రను లోపలినుంచి ఎరిగిన మనిషి దర్శకురాలైందన్న సంగతి ఈ చిత్రం చూస్తున్నంతసేపూ తెలుస్తూనే ఉంటుంది. మేరీ నిలబడే చోటు మీద ఎవరో ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టినట్టు ఉంటుంది.

న్యూయార్క్‌లో ఈ ప్రదర్శన మొదట 2022 చివర్లో, రెండు వందలకు మించని సీట్లున్న న్యూయార్క్ థియేటర్ వర్క్‌షాప్‌లో జరిగింది. అప్పటికి సాండ్‌హైమ్ కన్నుమూసి ఏడాది దాటింది. ఆయన 2021 నవంబర్ 26న మరణించాక ఆయన నాటకాల్లో పెద్దగా ఓడిపోయిన దీన్ని గెలిపించడమంటే ఏదో రుణం తీర్చుకోవడమన్న భావం అభిమానుల్లో బలపడింది. ఆశలు ఈ స్థాయికి పెరిగినప్పుడు ప్రదర్శన ఎంత బాగున్నా వెలితిగానే అనిపించడం మామూలు. పైగా టికెట్ల ధరలు చాలామందికి అందనంత ఎత్తుకు వెళ్లాయి. చిత్రం రావడం వల్ల ఆ అన్యాయం కొంతైనా సర్దుకుంది కాబట్టి, దాని విషయంలో నా మొదటి మాట కృతజ్ఞత.

ఇక ప్రదర్శన. ఫ్రీడ్‌మన్ చేసిన అతి ముఖ్యమైన పని చూడటానికి చాలా చిన్నది. తెర లేవగానే ఫ్రాంక్ ఒక్కడే నిలబడి ఉంటాడు, చేతిలో ఒక రాతప్రతితో. చుట్టూ మిగిలినవారు మెల్లగా చేరి, ఇక్కడికెలా వచ్చావని అడిగే, నాటకం పేరుతోనే ఉన్న పాటను అతని ముఖం మీదే పాడతారు. ఈ ఒక్క ఏర్పాటుతో నాటకమంతా ఫ్రాంక్ జ్ఞాపకంగా మారిపోతుంది. 1981లో ఆ ప్రశ్న వేసింది పట్టాలు పుచ్చుకోవడానికి వచ్చిన కుర్రకారు. అంటే పెద్దాయన్ను పిల్లలు నిలదీయడం. అందువల్ల ప్రేక్షకుడు కూడా న్యాయమూర్తి స్థానంలో కూర్చునేవాడు. ఇక్కడ ప్రశ్న వేసుకుంటున్నది ఫ్రాంకే. తనను తాను నిలదీసుకునే మనిషి ఎంత చెడ్డవాడైనా అతని వెంట కొంత దూరం నడవగలం. నలభై ఏళ్లుగా అభిమానులు ‘సరిచేయండి’ అని అడిగింది దీన్నేనని, ఈ దృశ్యం చూశాక గాని నాకు అర్థం కాలేదు. పాటలు మార్చమని వారెన్నడూ కోరలేదు, ఆ పాటలు ఎవరి తలలో మోగుతున్నాయో తేల్చమన్నారు.

జోనథన్ గ్రాఫ్ ఈ భారం మోసిన తీరుకు బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు రావడంలో ఆశ్చర్యం లేదు. ఫ్రాంక్ పాత్రకు పాత కష్టం ఒకటుంది: అందరూ అతని గురించే పాడతారు, అతనికి మాత్రం చెప్పుకోదగ్గ పాట దొరకదు. అందుకని చాలామంది నటులు ఆ పాత్రను అందగాడైన ఖాళీ కుండగా వదిలేశారు. గ్రాఫ్ వినడాన్ని నటనగా మార్చుకున్నాడు. ఎవరు మాట్లాడినా వారివైపు పూర్తిగా తిరిగి, వారు తప్ప లోకంలో ఇంకెవరూ లేనట్టు వింటాడు. ఆ చూపు చూసిన మరుక్షణం అతన్ని ఎందుకంతమంది నమ్మారో, ఎందుకు మోసపోయారో రెండూ తెలిసిపోతాయి. తొలి దృశ్యంలో అదే చూపు అలవాటుగా మారి, పార్టీకి వచ్చిన ప్రతివారికీ ఒక్కో ముక్క పంచిపెట్టబడుతుంది. కథ వెనక్కి వెళ్లేకొద్దీ ఆ చూపులో నిజం పెరుగుతుంది. వెనుకనడక నాటకంలో నటుడు చేయగలిగిన అత్యంత సూక్ష్మమైన పని ఇదే అనుకుంటాను.

డేనియల్ రాడ్‌క్లిఫ్ చార్లీగా చేస్తున్నాడనగానే టికెట్లు ఎవరికోసం అమ్ముడవుతున్నాయో అందరికీ తెలిసిపోయింది. సినిమా తారను తెచ్చి నిలబెట్టారన్న గొణుగుడు కూడా వినిపించింది. ఆ గొణుగుడు ‘ఫ్రాంక్లిన్ షెపర్డ్, ఇంక్.’ అనే పాటతో ఆగిపోతుంది. 1973లో టెలివిజన్ స్టూడియో. ప్రత్యక్ష ప్రసారం. మీరిద్దరూ కలిసి ఎలా పనిచేస్తారని వ్యాఖ్యాత అడిగిన మామూలు ప్రశ్నకు చార్లీ సరదాగా జవాబు మొదలుపెడతాడు. టైప్‌రైటర్ చప్పుడు నోటితో చేస్తాడు, ఫోను మోగినట్టు చేస్తాడు, ఫ్రాంక్ సెక్రటరీ గొంతును అనుకరిస్తాడు. నవ్వుతాం. ఎక్కడో ఒకచోట ఆ నవ్వు ఆగిపోతుంది, ఎక్కడ ఆగిందో చెప్పలేం. రికార్డులో ఈ పాట విన్న ప్రతిసారీ నాకది వేగానికీ ఊపిరికీ పెట్టిన పరీక్షలా, ఒక హాస్యవిన్యాసంలా వినిపించేది. ఇక్కడ కెమెరా రాడ్‌క్లిఫ్ ముఖానికి దగ్గరగా వచ్చి కదలకుండా నిలబడుతుంది: నుదుటిమీద చెమట, మెడ నరాలు, మధ్యలో ఒకసారి తాను ఎక్కువ మాట్లాడేశానని గ్రహించి ఆపబోయి ఆపలేకపోయిన క్షణం. ఆ పక్కనే గ్రాఫ్ నవ్వు ముఖానికి అతికించినట్టు ఉండిపోతుంది. స్నేహితుడి మీద కోపంతో పాడే పాట కాదిది. స్నేహితుణ్ని తిరిగి ఇవ్వమని అందరి ముందూ బతిమాలుకునే పాట. నాకు ఈ సంగతి నలభై ఏళ్లనాటి రికార్డు చెప్పలేదు. రాడ్‌క్లిఫ్‌కు కూడా టోనీ వచ్చింది; గొంతు పరంగా అతనికన్నా మెరుగైన చార్లీలు ఉన్నారు, అయినా ఆ దృశ్యానికి అతనికన్నా తగినవాణ్ని ఊహించలేను.

లిండ్సే మెండెజ్ పోషించిన మేరీ గురించి మాత్రం ఎంత చెప్పినా సరిపోదు. తొలి దృశ్యంలో ఆమె బాగా తాగి, అతిథుల మధ్య అందరినీ ఎత్తిపొడిచి, స్నేహాన్ని అక్కడికక్కడ తెంచుకుని వెళ్లిపోతుంది. ఆ కటువైన హాస్యం ఎక్కడినుంచి పుట్టిందో తర్వాతి దృశ్యాలు తవ్వుకుంటూ పోతాయి. తవ్వకం చివర దొరికేది ఫ్రాంక్ మీద ఆమె ఎన్నడూ బయటపెట్టని ప్రేమ. ‘నాట్ ఎ డే గోస్ బై’ రెండుసార్లు వస్తుంది. మొదట విడాకుల కోర్టు దగ్గర, నిన్ను మరిచిపోలేకపోవడమే నా శిక్ష అన్నట్టు బెత్ పాడుతుంది. కేటీ రోజ్ క్లార్క్ అందులో కోపాన్ని ఎక్కడా తగ్గించలేదు. రెండోసారి, కాలంలో ముందు జరిగిన పెళ్లిలో, అవే మాటలు ప్రమాణంగా మారతాయి. ఫ్రాంక్, బెత్ ఒకరినొకరు చూసుకుంటూ పాడుతుంటే, ఒక పక్కగా నిలబడిన మేరీ తనలో తాను అదే పాట పాడుకుంటుంది. థియేటర్‌లో చివరి వరుసలో కూర్చున్నవారు ఆ మూడో గొంతును వింటారేగాని మనిషిని పట్టించుకోకపోవచ్చు. చిత్రంలో ఆమె ముఖం తెరను నింపుతుంది. ఏడవదు. పెళ్లికొచ్చిన స్నేహితురాలు ఎంత సంతోషంగా కనిపించాలో అంతే సంతోషంగా కనిపించడానికి ప్రయత్నిస్తూ, పాట సగంలో గడ్డం కొద్దిగా పైకెత్తుతుంది, అంతే. ఈ చిత్రం తీయడానికి ఇదొక్కటి చాలు.

అయితే కెమెరా ఇచ్చినదానికి తగ్గట్టు తీసుకున్నది కూడా ఉంది. దగ్గరి దృశ్యాల మీద దర్శకురాలికి మోజెక్కువై, సమూహంగా పాడే చోట్ల కూడా ముఖాల నుంచి ముఖాలకు దూకుతూ పోయారు. ఈ నాటకంలో కాలం వెనక్కి మారడాన్ని చెప్పేది బృందమే. ఏళ్ల పేర్లు పలుకుతూ, దుస్తులూ ఫ్యాషన్లూ మార్చుకుంటూ వేదికను దాటిపోయే ఆ మధ్యగీతాల్లో మనకు మొత్తం వేదిక కనిపించాలి. ఎవరు ఎవరిని దాటుతున్నారో, ఫ్రాంక్ ఎక్కడ ఒంటరిగా మిగిలిపోతున్నాడో తెలియాలి. ఆ సమయంలో ఒక నర్తకి భుజం, ఒక గాజు గ్లాసు, ఎవరిదో నవ్వే నోరు చూపిస్తే ప్రయోజనమేమిటి? ‘ద బ్లాబ్’ అనే పార్టీ పాటలోనైతే గుంపు గుంపుగా కనిపించడమే హాస్యం. విడివిడి ముఖాలుగా ముక్కలు చేసేసరికి ఆ హాస్యం నీరుగారింది. వేదికను చిత్రీకరించేవారు తరచూ చేసే పొరపాటే ఇది. ప్రేక్షకుడి కళ్లకు కాస్త స్వేచ్ఛ ఇస్తే సరిపోయేది.

సూట్రా గిల్మర్ రూపొందించిన రంగాలంకరణ మీద అభిమానులు పెట్టుకున్న ఆశలు కూడా అంతగా నెరవేరలేదు. అంతా ఫ్రాంక్ జ్ఞాపకమే కాబట్టి అతని లాస్ ఏంజెలెస్ ఇల్లే కోర్టు అవుతుంది, క్లబ్బు అవుతుంది, చివరికి న్యూయార్క్ మేడ కూడా అవుతుంది. ఆలోచనగా ఒప్పుకోదగ్గదే. కంటికి మాత్రం ఆ ఇల్లు ఏ ఊరిలోనైనా ఉండే అద్దె గదుల వసతిగృహంలా ఉంది, ఇరవై ఏళ్ల కాలప్రయాణాన్ని మోసేంత శక్తి దానికి లేదు. మిగతా విషయాల్లో ఎంతో నేర్పు చూపిన ప్రదర్శనకు ఇది పిసినారితనంగా అంటుకుంది.

సంగీతం విషయంలో నా అభిప్రాయం రెండుగా చీలింది. 1981లో వాద్యరచన చేసిన జోనథన్ ట్యూనిక్కే ఇప్పుడు దాన్ని చిన్న బృందం కోసం తిరిగి రాశారు, దానికి టోనీ అందుకున్నారు. లోపలి గదుల్లో జరిగే దృశ్యాలకు ఈ పలచని నాదం బాగా నప్పింది; ‘గుడ్ థింగ్ గోయింగ్’ను పియానో వెంట మెల్లగా మొదలుపెట్టి నడిపిన తీరు ముచ్చటగా ఉంది. కాని నాటకం మొదట్లో వాద్యాలు మాత్రమే మోగే ఓవర్చర్ వచ్చినప్పుడు, పాత రికార్డు మొదటి నిమిషంలోనే గుండెను ఎగరేసిన ఆ ఇత్తడి బాకాల ఉప్పెన ఇక్కడ లేదని చెవి వెంటనే పట్టేస్తుంది. రికార్డును పుస్తకంలా చదువుకున్న అభిమాని ఇక్కడ నిట్టూర్చడం ఖాయం. ‘ద హిల్స్ ఆఫ్ టుమారో’ లేకపోవడం కూడా నాకు ఇంకా వెలితిగానే ఉంది. ఆ పాట మొదటి స్వరాలే తర్వాత ‘గుడ్ థింగ్ గోయింగ్’లోకి ప్రవహిస్తాయి, ఒక కుర్రవాడు బడిలో కట్టిన బాణీ పెద్దయ్యాక విజయవంతమైన ప్రేమగీతంగా మారడం, ఆ తర్వాత అమ్ముడుపోవడం వింటుంటే కథ అంతా సంగీతంలోనే జరిగిపోయినట్టుండేది. కొత్త రూపంలో ఆ లంకె తెగింది. దాని బదులు ‘ఓపెనింగ్ డోర్స్’లో, ముగ్గురూ ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో, అదే బాణీ వేరే మాటలతో నిర్మాత చెవిన పడి తిరస్కరణకు గురికావడం మిగిలింది. అదీ గొప్ప దృశ్యమే.

‘గుడ్ థింగ్ గోయింగ్’ దృశ్యం దగ్గర ఒక్కక్షణం ఆగాలి, ఎందుకంటే రికార్డుకూ వేదికకూ మధ్య ఉన్న దూరాన్ని ఇంతకన్నా బాగా చూపేది లేదు. రికార్డులో అదొక చక్కని ప్రేమపాట, దాన్ని విడిగా పాడుకున్న గాయకులు ఎందరో ఉన్నారు. నాటకంలో అది 1962లో ఒక సంపన్నుల పార్టీలో ఇద్దరు కుర్రాళ్లు తమ భవిష్యత్తును పణంగా పెట్టి వినిపించే పాట. ఫ్రాంక్ పియానో దగ్గర, చార్లీ పక్కన నిలబడి. గది నిశ్శబ్దమైపోతుంది, చప్పట్లు, ఇంకోసారి పాడమంటుంది ఆతిథ్యమిచ్చిన గస్సీ. వద్దు, ఇక్కడితో ఆపేద్దామంటాడు చార్లీ. ఫ్రాంక్ అతన్ని ఒప్పిస్తాడు. రెండోసారి మొదలయ్యాక ఎవరో గుసగుసలాడతారు, ఇంకెవరో గ్లాసు నింపుకుంటారు, రెండు చరణాలు తిరిగేసరికి గది మొత్తం కబుర్లలో మునిగిపోయి పాట కింద ఎక్కడో నలిగిపోతుంది. ఈ చిత్రంలో రాడ్‌క్లిఫ్ అప్పుడు గదిని కాదు, ఫ్రాంక్‌ను చూస్తాడు. తర్వాత పదకొండేళ్లకు టెలివిజన్ స్టూడియోలో పేలేది ఆ చూపే, మనం ముందే చూసేశాం. ఎప్పుడు ఆపాలో తెలియని మనిషిగా ఫ్రాంక్‌ను పట్టిచ్చే ఈ దృశ్యంలో అతని మీద ఒక్క ఆరోపణ కూడా ఉండదు.

గస్సీ పాత్ర నాటకానికి పాత గాయం. ఫ్రాంక్‌ను డబ్బు వైపు, పేరు వైపు లాగిన ఆడమనిషిగా ఆమెను నిలబెట్టి, అతని తప్పుల్లో సగం ఆమె నెత్తిన రుద్దే రచన అది. క్రిస్టల్ జాయ్ బ్రౌన్ ఆ పాత్రకు ఠీవిని, ఆకలిని తెచ్చింది. రెండో అంకం తొలిపాటలో ఆమె వేదికను ఏలుతుంది. అయినా తొలి దృశ్యం చివర అసూయతో ఆమె చేసే హింస చూసినప్పుడు, ఇంతమంది ఇన్నేళ్లు మరమ్మతు చేసి ఇక్కడ ఎందుకు చేయి వేయలేదో అర్థం కాదు. కెన్నెడీ కుటుంబాన్ని ఆటపట్టించే క్లబ్బు పాట కూడా అంతే. ముగ్గురు స్నేహితుల మధ్య సరదాను చూపడం తప్ప అందులోని చురకలకు ఇప్పుడు పదును లేదు.

వయసు సంగతి చివరిదాకా దాచాను, ఎందుకంటే అభిమానుల మధ్య గొడవ తెగనిది దీనిమీదే. చివరి దృశ్యంలో, 1957లో, ఆకాశంలో తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ కోసం మేడమీద వెతుకుతూ ముగ్గురూ ‘అవర్ టైమ్’ పాడతారు. లోకమంతా తమదే అనుకునే ఇరవై ఏళ్ల పిల్లల పాట అది. 1981లో దాన్ని నిజంగా ఆ వయసువారే పాడారు కాబట్టి, మిగతా నాటకం ఎంత తడబడినా ఆ పాటకు తిరుగులేదని రికార్డు విన్నవారెవరైనా చెబుతారు. చిత్రీకరణ నాటికి రాడ్‌క్లిఫ్‌కు 34 ఏళ్లు, గ్రాఫ్‌కు 39, మెండెజ్‌కు 41. గొంతులో కుర్రతనం నటిస్తే ఎబ్బెట్టుగా ఉండేది, వాళ్లు నటించలేదు. దుస్తులు మార్చారు, నడక తేలికచేశారు, అంతకుమించి ప్రయత్నించలేదు. పెద్దవాళ్ల ముఖాల మీద ఆ ఆశ వెలగడం వల్ల మనం చూస్తున్నది గతం కాదనీ, గతాన్ని తలుచుకుంటున్న మనిషిని అనీ గుర్తుంటుంది. మొదటి దృశ్యంలో వేసిన జ్ఞాపకం అనే పునాది ఇక్కడ పనికొచ్చింది. ఆ పునాది లేకుండా ఇదే వయసు నటులతో వేసి ఉంటే అభిమానుల ఫిర్యాదు న్యాయమే అయ్యేది. అయినా రికార్డులోని ఆ పిల్లల గొంతుల బెదురు, చుట్టూ నాటకం కూలిపోతున్నా వదలని ఆ ఉత్సాహం ఇక్కడ దొరకవు. రెండూ ఒకే ప్రదర్శనలో దొరకాలని అడగడం కుదరని పని.

ఇటీవలి రివైవల్స్‌తో పోలిస్తే ఇదొక మర్యాదస్తురాలైన ప్రదర్శన. డేనియల్ ఫిష్ 2019లో ‘ఓక్లహోమా!’ను ఏడుగురు వాద్యకారులతో, దాని చీకటిని మొత్తం పైకి తీసి వేశారు. 2020లో ఐవో వాన్ హోవా ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ నుంచి అందరికీ నోటికి వచ్చిన ఒక పాటనే తీసేశారు. సాండ్‌హైమ్ అంగీకారంతోనే మరియాన్ ఎలియట్ ఆయన మ్యూజికల్ ‘కంపెనీ’ కథానాయకుణ్ని స్త్రీగా మార్చారు. అలాంటి సాహసాలను ఆశించి వచ్చినవారికి ఫ్రీడ్‌మన్ పద్ధతి చప్పగా అనిపించవచ్చు. కానీ సుప్రసిద్ధమైన నాటకాన్ని తలకిందులు చేయడం వేరు, ఎన్నడూ సరిగ్గా నిలబడని నాటకాన్ని నిలబెట్టడం వేరు. 2024లో ఉత్తమ మ్యూజికల్ రివైవల్‌గా టోనీ దక్కింది రెండో రకం పనికే.

చూడాలనుకునేవారికి నా సలహా ఏమిటంటే, నాటకంతో పరిచయం లేనివారు రికార్డు వినకుండా నేరుగా చిత్రం చూడటం మంచిది. కథ వెనక్కి నడుస్తుందన్న ఒక్క సంగతి తెలిస్తే చాలు; తొలి ఇరవై నిమిషాల్లో ఎవరు ఎవరో తెలియక తికమకపడతారు, అది ఉద్దేశపూర్వకమే. రెండో అంకంలో ఒక్కొక్క ముడీ విడిపోతుంది. 1981 రికార్డును గుండెల్లో పెట్టుకున్నవారు మాత్రం చిత్రానికి ముందు 2016లో వచ్చిన డాక్యుమెంటరీ ‘బెస్ట్ వర్స్ట్ థింగ్ దట్ ఎవర్ కుడ్ హావ్ హ్యాపెన్డ్’ చూడటం మేలు. అప్పట్లో చార్లీగా నటించిన లానీ ప్రైస్ తన తోటివారిని వెతుక్కుంటూ తీసిన చిత్రం అది. ఇరవై ఏళ్ల వయసులో ‘అవర్ టైమ్’ పాడినవారు యాభై దాటాక అదే నాటకం గురించి మాట్లాడటం చూశాక, కొత్త ప్రదర్శనలో వయసు మీద పెట్టుకున్న పట్టింపు చాలావరకు సడలుతుంది.

రిచర్డ్ లింక్‌లేటర్ ఇదే మ్యూజికల్‌ను సినిమాగా తీస్తున్నారు. పాల్ మెస్కల్, బెన్ ప్లాట్, బీనీ ఫెల్డ్‌స్టీన్‌లతో, నటులు నిజంగానే వయసుమీరే విధంగా ఇరవై ఏళ్లపాటు విడతలవారీగా చిత్రీకరించాలన్నది సంకల్పం. వయసు చిక్కు దానితో పూర్తిగా తీరుతుంది, ముఖాలు అబద్ధమాడవు. ఫ్రాంక్ వెంట మనం ఎందుకు నడవాలన్న చిక్కు మాత్రం కాలం గడిచినంత మాత్రాన తీరేది కాదు. దానికి వారు కనుక్కునే జవాబు ఏదైనా, ఈ ప్రదర్శనలో ఒంటరిగా రాతప్రతి పట్టుకుని నిలబడ్డ ఫ్రాంక్ పక్కన పెట్టి చూడటం మాత్రం అభిమానులు మానరు.